చూసెదాక తుడువద్దు

మొగిలవ్వ వచ్చినప్పుడు రాజం వాకిట్ల కూసోని సైకిల్ గొలుసుకు నూనె పెడుతున్నడు. పొద్దుగాల ఎనిమిదైతుండొచ్చు. ఆమెను మల్యాల నుంచి కోరుట్ల దాక తమ్ముడు బండి మీద తీసుకొచ్చిండు. బండి దిగింది గని లోపలికి రాలే. గేటు పట్టుకొని నిలబడ్డది. జుట్టు ముడేసుకోలే. ఏడ్చి ఏడ్చి కండ్లు ఎండిపోయినయి.

"రాజం అంటే నువ్వేనా?"

"నేనే అవ్వా."

"నా బిడ్డ వనిత. నాలుగొద్దులైంది పోయి. నువ్వు కంప్యూటర్ స్విచ్చు బంద్ పెట్టి చాయ్ తాగ పోయినవట గద. జగిత్యాల దావఖానల మేనేజరే చెప్పిండు. కంప్యూటర్ల దాని రిపోర్టు ఒక్కటి తెరుసుకోలే. దాని రక్తమేందో, దానికి ఏ సూది పడదో ఎవలకు తెల్వకపాయె. మళ్ళ మొదటికెల్లి పరీక్షలని కూసున్నరు. కరీంనగర్ తీస్కపోతుంటె గంగాధర ఊరి కాడ నా ఒళ్ళెనే పోయింది. ఇంట్ల పదొద్దుల పసిపిల్ల ఉన్నది. చాయ్ మంచిగుండెనా? చక్కెర సరిపోయిందా నీకు?"

రాజం లేచి నిలబడ్డడు. చేతులు నూనెకు నల్లగున్నయి. ఆ చేతులే జోడించిండు. నోరు మాత్రం తెరువలే.

ఆయన భార్య పద్మ దర్వాజ కాడ నిలబడి చూస్తున్నది. కాదు అంటడని చూసింది. నేను బంద్ పెట్టలే అవ్వా, అని ఒక్క మాట అంటె అయిపోయేది. ఆయన అనలే. మొగిలవ్వ తిట్టినన్ని తిట్లు తిట్టి, నీ ఇల్లు గూడ నా ఇల్లు లెక్కనే కావాలె అని మన్ను తీసి వాకిట్ల పోసి పోయింది. బండి సప్పుడు దూరం పోయినంక గూడ రాజం చేతులు దించలే.

"ఎందుకు మాట్లాడలేదు?" అని పద్మ అడిగింది.

ఆయన సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నడు. బువ్వ ముందు కూసున్నంక అన్నడు: "పద్మా, ఎక్కువ రాసుడు తప్పయితదా?"

ఆమె బెండకాయలు కోస్తున్నది. ఏం అడిగిండో సమజ్ గాలే. "రాసినోన్ని ఎవలన్న కొడ్తరా? తిను ముందుగాల," అన్నది.

రెండొద్దులకు, జగిత్యాలకు పోయి ఒక్కసారి ఆ దావఖాన మిషన్ చూడనియ్యమని మేనేజర్ కాళ్ళు పట్టుకుంటనని ఇస్త్రీ అంగి తొడుక్కొని పోయిండు. కోరుట్ల బస్టాండ్ల బెంచి మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. గుండె ఆగింది అన్నరు. ఒళ్ళె టిఫిన్ డబ్బ అట్లనే ఉన్నదట. యాభై ఒక్క ఏండ్లు.

దినాలు నడుస్తున్నంత సేపు వచ్చినోళ్ళంత పద్మను పట్టుకొని ఏడ్చిండ్రు. ఏడుస్తున్నోళ్ళ కండ్లల్ల ఆమెకు ఒకటే మాట కనవడ్డది. నిజంగనే బంద్ పెట్టిండా? చాయ్ తాగ పోయిండా? అడుగలే ఎవ్వలు. అడుగకపోవుడే ఆమెకు ఇంకింత మంట. ఎందుకంటె అదే మాట ఆమె లోపల గూడ ఉన్నది. కాకపోతె కాదనకపోవునా?

పిల్లలు కాలే వాళ్ళకు. అత్త చంద్రవ్వ, పద్మ, ఇద్దరే మిగిలిండ్రు. నెల మాసికం కాకుండ గడప దాటొద్దని అత్త చెప్పింది. పద్మ దాటలే. లోపల కూసోని ఆయన బతుకు మొత్తం మొదటికెల్లి యాది జేసుకున్నది. ఏడన్న దొరుకుతదేమో అని వెతికింది, ఆయన చేతులు జోడించి ఎందుకు నిలబడ్డడో.

*

రాజం సిరిసిల్ల మనిషి. బట్ట నేసే సాంచాల సప్పుడుల పుట్టి, సాంచాల సప్పుడుల పెరిగిండు. ఐటీఐ చదివినంక ఒక కార్ఖానల సాంచాలు బాగుచేసే పనికి కుదిరిండు. ఇరువై నాలుగు సాంచాలు ఒక్కసారి నడుస్తుంటె అండ్ల ఏ ఒక్కటి కొంచెం తేడాగ కొట్టినా కండ్లు మూసుకొని దాని కాడికి నడిచి పోయేటోడు. ఆ సప్పుడుకే ఎడమ చెవు సగం పోయింది. పెండ్లైన కొత్తల పద్మ ఏదన్న మెల్లగ అంటె, "కుడి దిక్కు రా పిల్లా, ఎడమది సాంచకిచ్చిన," అని నవ్వేటోడు.

ఆ కార్ఖానల ఒక పద్ధతి ఉండె. ఒక్కొక్క సాంచ వెనుక గోడకు నల్లరంగు పూసి ఉంటది. సాంచ ఎన్నిసార్లు ఆగింది, పోగు ఎన్నిసార్లు తెగింది, మోటరు ఎంత వేడెక్కింది, అన్ని సుద్దముక్కతోని రాయాలె. ఆసామి, అంటె కార్ఖాన యజమాని, వచ్చి చూసి "తుడువు" అన్నంకనే తుడువాలె. ఆసామి రెండొద్దులు రాకుంటె రెండొద్దులది అట్లనే ఉండాలె. జాగ చాలకుంటె పక్క గోడకు రాయాలె. చూసెదాక తుడువద్దు. అది అక్కడ అందరికి నోట్ల ఉన్న మాట.

ఒక్కసారి రాజం తుడిచిండు. దసరా ముందటి రోజు. తెల్లారి సాంచాలకు పూజ, గోడలు శుభ్రంగ ఉండాలె, ఆసామి ఎట్లైన రేపే వస్తడు గద అని పొద్దుమూకంగ తడిగుడ్డ పెట్టి అన్ని తుడిచిండు. ఆ గంటలనే ఎల్లేశం నడిపే సాంచ మోటరు కాలి పక్క బీముకు అంటుకున్నది. ఆసామి ఉరికొచ్చి, ఎల్లేశం నిద్రపోయిండు అన్నడు. పొద్దుగాల నుంచి మోటరు వేడెక్కుతనే ఉన్నదని ఎల్లేశం తొమ్మిదిసార్లు రాసిండు గోడకు. ఆ తొమ్మిదిసార్లు రాజం తుడిచిన తడిగుడ్డల ఉన్నయి. "నేను చూసిన సేటూ, రాసి ఉండె," అని రాజం చెప్పిండు. "ఏది, సూపెట్టు," అన్నడు ఆసామి. ఏం సూపెడ్తడు?

పని పోయి ఎల్లేశం బతుకుదెరువుకు భివండి కార్ఖానలకు పోయిండు. మళ్ళ రాలే. రెండేండ్లకు అతని ముచ్చట వచ్చింది, ఆడనే సచ్చిపోయిండని. ఆ పొద్దు రాజం అన్నం తినలే. అటెన్క పద్మ ఇంట్ల ఏది తుడువాలన్నా ఒకటికి రెండుసార్లు అడుగుడు అలవాటైంది. కిరాణం రాసుకున్న చిట్టి గూడ పారెయ్యనియ్యకపోయేటోడు.

కార్ఖాన మూతవడ్డంక పద్మ పుట్టినూరు కోరుట్లకు వచ్చిండ్రు. రాజం ఒక కంప్యూటర్ దుకాణంల కూసోని నలభై ఏండ్ల వయసుల పని నేర్చుకున్నడు. గాడికెల్లి జగిత్యాలల ఒక ప్రైవేటు దావఖానల కొలువు. పొద్దున బస్సు, పొద్దుమూకి బస్సు. ఆ దావఖాన మెట్ల కింద ఒక చిన్న అర్ర. ఆ అర్రల ఒక పెద్ద డబ్బ, దాన్ని సర్వర్ అంటరు. వచ్చిన పేషెంట్లందరి రిపోర్టులు, రక్తాలు, మందులు, అన్ని దాంట్లనే. డాక్టర్ల బల్లల మీది కంప్యూటర్లన్ని దాన్నే అడిగి సూపెడ్తయి. రాజం పని దాన్ని చూసుకునుడు.

ఒక పండుగ పూట పద్మ అడిగింది, పొద్దంత ఆ డబ్బ ముందు కూసోని ఏం చేస్తవని.

"దాని నాడి చూస్త."

"డబ్బకు నాడేందయ్యా?"

"ఉంటది. ఎంత పని నెత్తికెత్తుకున్నది, ఎంత వేడెక్కింది, లోపల ఎంత జాగ ఖాళీ ఉన్నది. మొదట నేనే నోటుబుక్కుల రాసేటోన్ని. ఇప్పుడు దానికే నేర్పిన. నేను ఉన్నా లేకున్నా అదే గడియారం చూసుకుంటది, తన నాడి తనే పట్టి తనే రాసుకుంటది."

"గసొంటిది నాకొకటి పెట్టరాదు. పొద్దుగాల నుంచి ఈ ఇంట్ల ఎంత చాకిరి చేసిన్నో అదే రాస్తది, నువ్వు చదువుకుందువు."

"నీ చాకిరి రాయాల్నంటె దాని పొట్ట పలుగుతది," అన్నడు రాజం.

ఇద్దరు నవ్విండ్రు. చంద్రవ్వ గూడ ఏందో సమజ్ కాకుండనే నవ్వింది.

*

మాసికం రోజు మధ్యాహ్నం సమీర్ వచ్చిండు. ఆ దావఖానల జనరేటరు చూసుకుంటడు. నలభై ఏండ్ల మనిషి. రాజం కంటె పదకొండేండ్లు చిన్న, రాజమన్న అనేటోడు. అంతకు వారం ముందు పద్మ రాజం ఫోన్ల "సమీర్ జనరేటర్" అని ఉన్న పేరు ఒత్తి ఒకటే మాట అడిగింది. నువ్వు ఆ పొద్దు ఆడనే ఉన్నవు గద తమ్మీ, మీ అన్న బంద్ పెట్టిండా? ఫోన్ల వద్దు వదినె, నేనే వస్త అన్నడు సమీర్.

వచ్చి ఫొటోకు దండం పెట్టి, చెప్పులు పక్కకు పెట్టి అరుగు మీద కూసున్నడు. అంగి జేబుల నుంచి మడత పెట్టిన కాయితం తీసిండు.

"వదినె, అన్న బంద్ పెట్టలే. ముందు అది ఇను."

పద్మ గోడకు ఒరిగింది. నెల రోజుల నుంచి ఆ మాట కోసమే బతికినట్టున్నది ఆమెకు. చంద్రవ్వ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

"చాయ్ గూడ తాగ పోలే," అన్నడు సమీర్. "అర్రలనే ఉన్నడు. హైదరాబాద్ నుంచి ఇంజనీరొచ్చి బాగుచేసి, లోపలున్నయన్ని ఒక చిన్న డబ్బలకెక్కించి, దాచమని నా చేతికిచ్చిండు. మేనేజర్ మర్చిపోయిండు. నేను ఇంటికి తీస్కపోయి మా ఆమె కుట్టుమిషన్ సొరుగుల పెట్టిన. నిన్న ఒక జిరాక్స్ దుకాణంల ఆఖరి పేజీ తీపిచ్చిన. ఇగో."

కాయితం మీద చీమల బారు లెక్క అంకెలు. ఒక్కొక్క గీతకు ముందుగాల టైము.

"పదకొండు ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి. నలభై రెండు. నిమిషానికొక్కటి. స్విచ్ బంద్ కాలే, అటెన్క గూడ దాని లైట్లు వెలుగుతనే ఉండె, నేను చూసిన. మిషన్ నడుస్తనే ఉన్నది."

"మరి నలభై రెండు తర్వాత రాయలేదెందుకు?"

సమీర్ కాయితం తన దిక్కు తిప్పుకున్నడు.

"చెప్పు తమ్మీ."

"ఈ ఆఖరి అంకె ఉన్నది సూడు వదినె. ఇది లోపల ఖాళీ జాగ. పైకెల్లి చూస్కుంట రా. తగ్గుతున్నది, తగ్గుతున్నది. నలభై రెండుకు సున్న. జాగ లేక ఆగింది. పేషెంట్ల కాయితాలు రాసెటందుకు గూడ ఇంచు జాగ లేదు."

"జాగ ఎట్ల అయిపోయింది?"

అతని వేలు పైనున్న గీతల మీదికి పోయింది. పద్మ మెల్లగ, తనకే చెప్పుకున్నట్టు అడిగింది. "గీ రాసుడుతోనేనా?"

"అవు వదినె."

అప్పుడు చెప్పిండు మొత్తం. మొదట ఆ మిషన్ పది నిమిషాలకు ఒక్కసారి రాసేటట్టు ఉండె. నెల దాటినయి తనంతల తనే తుడుచుకునేటట్టు ఉండె. పది నిమిషాలల్ల పోగు తెగి మళ్ళ అతుకుతది, ఎవలకు తెల్వదు అని రాజం నిమిషానికి మార్చిండు. అప్పుడు ఏ ఏ పని నడుస్తున్నదో పేరు పేరున గూడ రాయమన్నడు. ఇగ తుడుచుడు బంద్ పెట్టిండు. మేనేజర్ చూడలే గద, చూడకముందు ఎట్ల తుడుస్త సమీరూ, అన్నడట.

"నెలకొక్కసారి మేనేజర్ బల్ల మీద కాయితం పెట్టేటోడు. సార్, చూడుండ్రి, జాగ తక్కువైతున్నది, చూసిన అంటె పాతయి తుడుస్త అని. మూడుసార్లు నా ముందటనే చెప్పిండు. ఆయన ఫోన్ల మాట్లాడుకుంట చెయ్యి ఊపేటోడు, పక్కకు పెట్టు అని. పద్నాలుగు నెలలు పక్కకు పెట్టుడే. నేను చెప్పిన, అన్నా నువ్వే తుడువరాదు, ఎవలడుగుతరని. వద్దు సమీరూ, తుడిస్తె ఒక మనిషి పోతడు అన్నడు. నాకు సమజ్ కాలే ఆ మాట."

పద్మకు సమజైంది. ఎల్లేశం అనే మనిషిని ఆమె ఎన్నడు చూడలే. ఆ నిమిషం అరుగు మీద అతను గూడ కూసున్నట్టే అనిపిచ్చింది.

"మరి స్విచ్ మాట ఎట్ల పుట్టింది?"

"జాగ నిండింది అంటె, పద్నాలుగు నెలలు ఎవడు చూడలేదురా అని అడుగుతరు గద. స్విచ్ అంటె అన్న ఒక్కని మీదికి పోతది. ఇప్పుడు కొత్తోడు వచ్చిండు. వారం కాంగనే మిషనే అంత తుడుచుకుంటది." సమీర్ కాయితాన్ని ఆమె దిక్కు జరిపిండు. "వదినె, ఆ మల్యాల అవ్వకు గీ కాయితం సూపెట్టు. మిషన్ ఆఖరి నిమిషం దాక నడిచింది అను. అంతవరకె అను. అది అబద్ధం కాదు. మిగిలింది చెప్పే అక్కెర లేదు."

అతను పోయినంక చంద్రవ్వ కోడలి మొఖం చూసింది. ఏం ఆలోచన చేస్తున్నదో ఎరుకైంది.

"పిల్లా, నా కొడుకు తప్పు చెయ్యలేదని కాయితం దొరికింది. దొరికినంక పోయి తప్పు చేసిండని చెప్పి వస్తవానే?"

పద్మ కాయితం మళ్ళ మడత పెట్టింది. ఆ పొద్దు వాకిట్ల ఆయన ఎందుకు నోరు తెరువలేదో ఆమెకు ఇప్పుడు ఎరుకైంది. బంద్ పెట్టలేదని చెప్తె మరి ఎట్ల ఆగిందని అడుగుతది ఆ తల్లి. ఆయన కాడ దానికి జవాబున్నది. ఎక్కువ రాసుడు తప్పయితదా అని పెండ్లాన్ని అడిగిండు గద. ఆమె బెండకాయలు కోసింది.

*

తెల్లారి కోరుట్లల బస్సెక్కి, జగిత్యాలల మారి మల్యాలల దిగింది. నెల తర్వాత గడప దాటింది అదే. ఇల్లు అడుగుకుంట పోయింది. వనిత అమ్మ ఇల్లా, అని అడిగిన ప్రతి ఒక్కరు ఆమె బొట్టు లేని మొఖం చూసి చెయ్యి సూపెట్టిండ్రు.

రేకుల ఇల్లు. చీర కట్టిన ఉయ్యాలల పిల్ల నిద్రవోతున్నది. మొగిలవ్వ పాలసీస వేడినీళ్ళల్ల కడుగుతున్నది. చూడంగనే గుర్తువట్టింది.

"నీ ఇంట్ల గూడ అయ్యిందట," అన్నది. "ఇన్న."

"అయ్యింది అవ్వా."

"నా నోరే తలిగింది అనుకున్న. ఏడ్వలే. నవ్వలే. ఎందుకొచ్చినవు?"

పద్మ కాయితం తీసింది. నిలబడే చెప్పింది, కూసోమని ఎవలు అనలే. ముందు స్విచ్ మాట చెప్పింది. అంతవరకు చెప్పి ఆగింది. ఆగిన ఆ కొంచెంసేపు ఆమెకు చాన పొడుగైంది. మొగిలవ్వ సీస నీళ్ళల్ల తిప్పుతనే ఉన్నది. అప్పుడు మిగిలింది గూడ చెప్పింది. గోడలు, సుద్దముక్క, ఎల్లేశం, నిమిషం నిమిషం రాసుడు, చూడని మేనేజరు, నిండిన జాగ. ఏది మింగలే.

"అంటె," అన్నది మొగిలవ్వ మెల్లగ, "నీ మొగని రాతలు నిండి నా బిడ్డ రాతలకు జాగ లేకపాయె."

"అవు అవ్వా."

"చూడుమంటె వాడు చూడకపాయె. వీడు తుడువకపాయె."

"అవు."

మొగిలవ్వ సీస పక్కకు పెట్టి తడిచేతులు కొంగుకు తుడుచుకున్నది. కాయితం తీసుకున్నది. చదువు రాదు ఆమెకు. అయినా గీత గీతకు వేలు పెట్టుకుంట కిందికి వచ్చింది.

"ఇది ఎప్పటిది?"

"పదకొండు నలభై."

"అప్పటికి నా బిడ్డ బల్ల మీద కూసోనె ఉన్నది." వేలు ఆ గీత మీదనే పెట్టింది. "అమ్మా దూపైతున్నది అన్నది. గోడ మీద గడియారం ఉండె, చూసిన నేను. నీళ్ళ సీస కోసం కిందికి దిగిన. పైకి వచ్చెటాళ్ళకు అందరు ఉరుకుతున్నరు, మిషన్ ఆగింది, మిషన్ ఆగింది అని. ఆ గడియల నేను గూడ ఆడ లేను. నేను గూడ తాగెటందుకే పోయిన."

పద్మ ఏడ్చింది. మొగిలవ్వ ఏడ్వలే.

"నీ మొగన్ని చాయ్ తాగ పోయిండన్న. ఆ ఒక్క మాట వాపస్ తీసుకుంట," అన్నది. "మిగిలిన తిట్లు తీసుకోను. అవి నా బిడ్డయి."

"తీసుకోమనెటందుకు రాలే అవ్వా."

"నాకు ఎరుకే."

ఉయ్యాలల పిల్ల కదిలింది. మొగిలవ్వ ఒక చేత్తోని ఉయ్యాల ఊపుకుంట, ఇంకో చేతుల కాయితాన్ని వెలుతురు దిక్కు పట్టుకొని మళ్ళ మొదటికెల్లి చూసింది. ఒక్క గీత ఇడువకుండ, ఆఖరి సున్న దాక చూసింది.

"చూసిన," అన్నది. "ఇగ పో బిడ్డా. పిల్ల లేస్తది."

కాయితం కోసం పద్మ చెయ్యి చాపింది. మొగిలవ్వ ఇయ్యలే. నాలుగు మడతలు పెట్టి, ఉయ్యాలల పిల్ల తల కింది బట్ట కింద పెట్టుకున్నది.